రాణి తొడుక్కున్న నా గౌను

ఆరేసిన బట్టలు మడతపెడుతుంటే నా నీలిపూల గౌను కనిపించలేదు. కాలేజీ రోజుల నుంచి ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ నూలు గౌను. ఇంటిపనికి అదే వేసుకుంటాను. మా ఆయనకి ఫోన్ చేసి అడిగాను.

"మొన్న రాణికి తీసుకెళ్ళాగా! కొత్త బట్టయితే కొలతలు సరిగ్గా రావు," అన్నారు, ఎంత మామూలుగానో.

రాణి ఆయన ప్రయోగశాలలోని నిలువెత్తు బొమ్మ. లోపల తీగలు పెట్టి దాని ఒంటికి మనిషి వేడి తెప్పిస్తారు. ఏ గదిలో మనిషికి ఎంత హాయిగా ఉంటుందో తేల్చడానికి, దానికి బట్టలు తొడిగి, ఆ వేడి ఒంట్లో ఎక్కడెక్కడి నుంచి ఎంతెంత గదిలోకి పోతోందో కొలుస్తారు. మా పెళ్ళయి ఏడు నెలలు. ఆయన బండి చప్పుడు వినబడితే ఇప్పటికీ మెట్లు రెండేసి చొప్పున దిగుతాను. జేబులో నాకోసం దాచి తెచ్చే చాక్లెట్ కరిగి కాగితానికి అంటుకున్నా, ఆ కాగితం నాకి మరీ నవ్వుకుంటాను. అయినా ఆ బొమ్మంటే నాకు కుళ్ళు. చెప్పుకోడానికి సిగ్గెందుకు? దాని ఎడమ భుజం అర డిగ్రీ చల్లబడిందని ఫోనొస్తే ఈయన కంచం ముందునుంచి లేచిపోతారు. నేను పొయ్యి దగ్గర తడిసి ముద్దయి వస్తే, "ఏంటోయ్, మళ్ళీ స్నానం చేశావా?" అని నవ్వుతారు. "వంటింట్లో ఫ్యానేంటమ్మా, మంట ఆరిపోదూ? మేమంతా చెయ్యలేదూ?" అంటారు హాల్లోంచి అత్తయ్య.

మధ్యాహ్నం క్యారేజీ వంకతో ప్రయోగశాలకి వెళ్ళాను. రాణి కుర్చీలో కూర్చునుంది, నా గౌనులో. మా ఆయన వంగి దాని మోకాలి మీద ముడత సర్దుతున్నారు, వేలికొసలతో, ఎంత నెమ్మదిగానో. నా ఒళ్ళు భగ్గుమంది. ఆ క్షణాన నన్ను కొలిచుంటే వాళ్ళ యంత్రం పేలిపోయేది.

"రెండ్రోజులుగా బుర్ర తినేస్తోందిది," అన్నారు నన్ను చూసి. "వీపు కన్నా పొట్ట దగ్గర వేడి ఎక్కువ పోతోంది. తీగలన్నీ విప్పి చూశాం. లోపమెక్కడో దొరకట్లేదు."

నేను గౌను ముందుభాగం పట్టుకుని దీపం వైపు లాగాను. పొట్ట దగ్గర పూలు అరిగిపోయాయి. బట్టలోంచి నా వేళ్ళు కనిపిస్తున్నాయి.

"ఇది వంటగట్టు అంచు," అన్నాను. "తరిగేటప్పుడూ తోమేటప్పుడూ ఆనుకుని నిలబడతాను. రోజూ ఆరేడు గంటలు."

ఆయన ముఖం విప్పారింది. "బతికించావు! బట్టదన్నమాట తప్పు! సాయంత్రం ఇంకోటి ఇవ్వు."

నా ఏడు నెలలనీ పుస్తకంలో 'బట్టలో లోపం' అని రాసుకున్నారు.

"మీరు కొలిచే గదుల్లో వంటిల్లుందా?" అనడిగాను.

"వంటిల్లా? అక్కడెవరు కూర్చుంటారోయ్?"

నిజమే, ఎవరూ కూర్చోరు. రాణికైతే కుర్చీ ఉంది.

బల్లమీదున్న, ఒంటికి అంటించి వేడి కొలిచే తీగల పెట్టె తీసి క్యారేజీ సంచిలో పెట్టుకున్నాను.

"ఏయ్, అదెందుకు?"

"రేపు ఆదివారం కదా. మనింట్లో కొలుద్దాం, పొద్దున్నుంచీ వంటయ్యేదాకా."

"భలే సరదా నీకు!" అని నవ్వారు. "సరే, ఎక్కడెక్కడ అంటించుకోవాలో చెప్తాలే."

"నాకు కాదు, మీకు," అన్నాను. "వంట చేసేది మీరు. అంకెలు రాసేది నేను."