నోట్లో గుండుసూదులు

ఆమె నోట్లో గుండుసూదులు ఉన్నప్పుడే ఆయన ముఖ్యమైన మాటలన్నీ మాట్లాడతాడు. కావాలని చేస్తాడో, అలవాటుగా చేస్తాడో ఇన్నేళ్ల కాపురంలోనూ ఆమెకి తేలలేదు. నేల మీద మోకాళ్లూని కూర్చుని, ఆయన కొత్త ప్యాంటు అంచు మడిచి, పెదాల మధ్య నుంచి ఒక్కో సూదీ తీసి గుచ్చుతూ ఉంటే పైనుంచి ఆయన గొంతు వినబడుతుంది.

"మేం ఊరెళ్లినప్పుడు నాన్న దగ్గర నువ్వుంటావుగా. అందరికీ ఆ మాటే చెప్పేశాను."

నోరు తెరిస్తే సూదులు రాలిపోతాయి. పొరపాటున ఒకటి లోపలికి జారితే ఇంకేమైనా ఉందా! ఆమె తలెత్తి చూసింది. ఆయన అప్పటికే అద్దంలో పొట్ట లోపలికి పీల్చుకుని, అటు తిరిగీ ఇటు తిరిగీ చూసుకుంటున్నాడు. ఆమె వేలితో ఆయన పిక్క మీద తట్టింది. కదలకండి, గుచ్చుకుంటాయి అని దానర్థం. ఆమె సైగల్లో ఆయనకి తెలిసింది అదొక్కటే.

ముందు గదిలో ఉండే కుట్టుమిషను వెనక వసారాలోకి మారింది కూడా ఇలాగే. "ముందుగదిలో మిషనేంటి, వచ్చేపోయేవాళ్లు నవ్వుతున్నారు, వెనక పెట్టించేస్తున్నా" అన్నప్పుడు ఆమె ఆయన చొక్కా చేతులకి సూదులు పెడుతోంది. పక్షవాతం వచ్చిన మామగారిని ఆడపడుచు ఇంటి నుంచి ఇక్కడికి తెచ్చేద్దామన్న మాటా ఆమె సూదుల నోటి ముందే తేలిపోయింది. "మా ఆవిడ ఏమీ అనలేదు, పాపం మంచిదే" అని అందరితో గొప్పగా చెప్పుకున్నాడు. నిజమే, ఆమె ఏమీ అనలేదు.

ఆమె కుట్టేది మామూలు బట్టలు కాదు. పట్నంలో ఏటా జరిగే కార్నివాల్ కోసం వేషాలు కుడుతుంది. పేరున్న కార్నివాల్. వీధులన్నీ మూసేసి, ముసుగులు తొడుక్కుని, డప్పుల వెనక జనం పొద్దంతా ఆడతారట. దాన్ని చూడడానికి పరాయి దేశాల నుంచి విమానాలెక్కి వస్తారట. ఈ 'అట'లన్నీ ఆమెకి ఫోనులో చెప్పింది మాస్టరమ్మ. వేషాలు కుట్టించే కార్ఖానా ఆవిడదే. కత్తిరించిన గుడ్డ, ఈకలు, తళుకులు బస్సులో మూటగా పంపిస్తుంది. ఈమె కుట్టి, మళ్లీ బస్సులోనే వేస్తుంది. రెక్కలు కుడితే రెక్కలు పోతాయి, తోకలు కుడితే తోకలు పోతాయి. వాటిలో దూరిన మనుషులెవరో, వాళ్లు చేతులు చాపితే ఆ రెక్కలు ఎలా విచ్చుకుంటాయో ఆమె ఎన్నడూ చూసి ఎరగదు.

ఒకసారి టీవీలో కనబడింది. నీలం పక్షి. భుజం దగ్గర ఈకలు వరస తప్పకుండా కూర్చోవాలని విప్పి, కుట్టి, మళ్లీ విప్పి కుట్టిన రెక్క అది. "ఇదిగో, ఇది నాదే!" అని చేతిలో గరిటెతోనే పరుగున వచ్చింది. "ఏదే?" అన్నాడాయన. ఆమె వేలు చూపించేలోపు ఛానలు మారిపోయింది. వార్తల టైమయింది మరి.

అత్తగారికి ఆ పనంటే ఒళ్లుమంట. "ప్లేటులో తళుకులు, పక్కలో తళుకులు, నా మొగుడి గడ్డంలో కూడా తళుకులే. ఇది ఇల్లా, నాటకాల కంపెనీనా?" అంటుంది. ఆ కంపెనీ తెచ్చిన డబ్బుతోనే ఆవిడ కంటికి ఆపరేషన్ అయింది. అది మాత్రం ఎవరూ అనరు. ఆమె కూడా అనదు.

ప్రయాణం మాట ఆయనే ఎత్తాడు. ఆడపడుచూ, ఆవిడ భర్తా వచ్చి కూర్చున్న ఒక సాయంత్రం, "ఈసారి మనమంతా కార్నివాల్‌కి పోదాం. వ్యాను మాట్లాడతాను" అన్నాడు. వంటింట్లో టీ పోస్తున్న ఆమె చెవిలో 'మనమంతా' అన్న మాట పడింది. కప్పు నిండి, సాసరు నిండి, గట్టు మీదికి కారింది. మర్నాడు పొద్దున్నే అటక మీంచి తన గుడ్డ బూట్లు తీసి, బ్రష్షు పెట్టి రుద్ది, గోడ మీద ఆరబెట్టింది. చాలా దూరం నడవాలి కదా అక్కడ.

ఆ తర్వాత సాయంత్రాలన్నీ ఏర్పాట్లే. ఎక్కడ దిగాలి, ఎక్కడ నిలబడితే బాగా కనబడుతుంది, ఎండకి టోపీలా గొడుగులా. వాళ్లు మాట్లాడుతున్నారు, ఆమె టీలు అందిస్తోంది. మొదట్లో అత్తగారు రానంది. "ఈ మోకాళ్లతో నేనెక్కడికిరా, మీ నాన్న దగ్గర ఉంటాలే" అంది. ఆమె గుండె గాలిపటంలా లేచింది. రెండు రోజులు పోయాక కూతురు బతిమాలితే అత్తగారు మోకాళ్ల సంగతి మర్చిపోయింది. ఆ తర్వాత ఆడపడుచు అత్తగారు కూడా వస్తానందట. వ్యానులో చోట్లు లెక్కేసుకున్నారు. ఎవరు తగ్గాలో ఎవరూ నోటితో అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

"వదినకి జనమంటే పడదులే, తలనొప్పి వస్తుంది" అంది ఆడపడుచు, ఎంతో ప్రేమగా.

తనకి ఎప్పుడు తలనొప్పి వచ్చిందా అని ఆమె ఆలోచించుకుంది. వచ్చే ఉంటుంది. వచ్చిన రోజు కూడా వంట ఆగలేదు కాబట్టి తనకే గుర్తు లేదు.

"అమ్మకి అక్కడేం వింత?" అంది కూతురు. కాలేజీ పిల్ల. "రోజూ చూసే గుడ్డలేగా. అమ్మా, నీ బూట్లు నాకు సరిపోయాయి, వేసుకెళ్తున్నా. నీకెలాగూ అక్కర్లేదు కదా."

ఆ మాటకి అందరూ మామూలుగానే ఉన్నారు. ఆమె కూడా మామూలుగానే బిస్కెట్ల ప్లేటు తీసుకుని లోపలికి వెళ్లింది. మామగారి గదిలోకి వెళ్లి, ఆయన మెడ కింద గుడ్డ సర్ది, స్పూనుతో తినిపించింది. కొడుకు ఆ స్పూను ఎప్పుడూ పట్టుకోలేదు. "నేను చూడలేనే, కడుపులో దేవినట్టవుతుంది" అంటాడు. ఆయన సున్నితం ఆయనకుంది. ఆమెకి కడుపులో ఏమవుతుందో ఎవరూ అడగలేదు. ముసలాయన మింగుతూ, పనిచేసే చేత్తో ఆమె చీర మీద అంటుకున్న ఈక ఒకటి తీసి దుప్పటి మీద పెట్టాడు. అంతే. దీవెనా కాదు, ఏమీ కాదు. ఈక కనబడింది, తీశాడు.

మాస్టరమ్మ ఫోను నిన్న వచ్చింది.

"ఏవమ్మా, ఈసారైనా వస్తావా? ప్రతి బృందం వెనకాల ఆ వేషాలు కుట్టినవాళ్లు సూదీ దారం పట్టుకుని నడవాలి. అది మొదట్నుంచీ ఉన్న పద్ధతి. ఏ రెక్క ఊడినా అక్కడికక్కడే కుట్టేయాలి కదా. మా వరసలో నీ చోటు ఏటా ఖాళీగానే ఉంచుతున్నాం. వేరేవాళ్లని పెట్టడానికి నాకు మనసొప్పదు."

"చూస్తానండి" అంది ఆమె. ప్రతి ఏడూ అనే మాటే.

ఫోను పెట్టేశాక మాత్రం ఆ ఖాళీ కళ్లకి కట్టింది. అంత ఇరుకులో, అన్ని డప్పుల మధ్య, ఒక మనిషి పట్టేంత జాగా. ఎవరూ కాలు పెట్టకుండా, ఇన్నేళ్లుగా ఊరేగింపుతో పాటు నడుస్తూనే ఉంది. ఈ ఇంట్లో తనకి అంత జాగా ఎక్కడుందో ఎంత వెతికినా కనబడలేదు.

"ఏంటి, ఇంకెంతసేపు?" అన్నాడు అద్దం ముందు ఆయన.

ఒక కాలు అయింది. రెండో కాలి మడతకి సూదులు పెడుతోంది.

"సామాను మూట రేపే కట్టెయ్. దారిలో తినడానికి అందరికీ సరిపడా ఏదో చెయ్. మేం తిరిగొచ్చేసరికి వేడివేడిగా వండి ఉంచు. అమ్మకి బయటి తిండి పడదు. నాన్న సంగతి నీకు చెప్పక్కర్లేదనుకో..."

ఆమె ఎడమచేతి మణికట్టుకి కట్టుకున్న సూదుల దిండు వైపు చూసింది. నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి దాంట్లో గుచ్చింది. ఆఖరి సూది కూడా గుచ్చాక పెదాలు తడుముకుంది. ఇనప రుచి.

"ఎల్లుండి పొద్దున బస్సుకి నేను కార్నివాల్‌కి వెళ్తున్నాను" అంది.

ఆయన నవ్వాడు. "వ్యానులో చోటేదే?"

"వ్యానులో లేదు. అక్కడుంది."

"మరి నాన్న?"

"ఆయనకి భార్య ఉంది, కొడుకున్నాడు, కూతురుంది. నేను ఆ తర్వాతదాన్ని."

గది మూల మంచం మీద పడుకున్న అత్తగారు లేచి కూర్చుంది. "నీ చేత్తో పెడితే తప్ప తినడమ్మా మనిషి!"

"ఇంకో చెయ్యి ఆయన నోటిదాకా ఎప్పుడొచ్చింది అత్తయ్యా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "నువ్వు ఒప్పుకున్నావుగా! అడిగితే కాదని ఒక్క మాటన్నావా?"

"అప్పుడు నా నోట్లో సూదులున్నాయి."

గుమ్మంలో నిలబడి చూస్తున్న కూతురి వైపు తిరిగింది. పిల్ల కాళ్లకి ఆ గుడ్డ బూట్లే ఉన్నాయి, ఇంతసేపూ వాటితో నడిచి చూసుకుంటోంది. "విప్పి ఇలా ఇవ్వమ్మా. నాకు చాలా నడకుంది."

పిల్ల ఏదో అనబోయి, వాళ్ల నాన్న ముఖం, అమ్మ ముఖం మార్చి మార్చి చూసి, వంగి లేసులు విప్పడం మొదలుపెట్టింది.

"ఇదేం పెంకితనమే!" అంటూ ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. వేసి, కెవ్వుమన్నాడు. కుట్టని మడత నిండా సూదులే. ఒక కాలు గాల్లో పెట్టుకుని, అద్దం పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె బూట్లు చంకలో పెట్టుకుని వసారా వైపు నడుస్తూ, ఇన్నేళ్లుగా వేలితో తట్టి చెప్పిన మాటని మొదటిసారి నోటితో అంది.

"కదలకండి. గుచ్చుకుంటాయి."