గడప ముందు కుర్చీలు

"మీ ఆయన పోయాడు. ఆయనతోపాటే ఈ ఇంటి మీద మీ హక్కూ పోయింది. శుక్రవారానికి ఖాళీ చెయ్యండి."

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ముసలివాళ్లకు చవక అద్దెకిచ్చే ఆ ఇళ్ల మేనేజర్ క్రెయిగ్, శేషారత్నం భర్త ఫొటో ముందు దీపం వెలుగుతుండగానే ఆ మాట అనేశాడు. అద్దె ఒప్పందం భర్త ఒక్కడి పేరనే ఉందట. మంచాన పడ్డ మనిషికి ఏళ్ల తరబడి సేవ చేసిన ఇంట్లో ఆవిడ పరాయిదట! ఎవడు పెట్టాడయ్యా ఆ రూలు?

ఈ సంగతి మీదే సాయంత్రం హాల్లో అద్దెదారుల మీటింగ్.

"నేను రాలేనన్నయ్యా. ఆదివారం కర్మ అయ్యేదాకా గడప దాటకూడదు," అంది పక్కింటి వీరభద్రంతో.

సింగరేణి గనుల్లో సమ్మెలు చేసిన మనిషాయన. "నువ్వు రాకుంటే మీటింగే నీ కాడికొస్తది చెల్లె," అన్నాడు.

అన్నట్టే వాకర్లు తోసుకుంటూ, కుర్చీలు మోసుకుంటూ అందరూ ఆమె గుమ్మం ముందు చేరారు.

"గొడవపడితే మననీ పంపించేస్తారు," గొణిగింది ఎదురింటి జోన్.

మాంసం ఫ్యాక్టరీలో యూనియన్ నడిపిన మావోరీ తెగ ముసలావిడ మెరె గయ్యిమని లేచింది. "నీ మొగుడు ఆస్పత్రిలో ఉన్నాడుగా! మీ ఒప్పందమూ ఆయన పేరనేగా! రేపు ఆయనకేమన్నా అయితే నీ సామాను ఏ రోడ్డున పెడతావ్?"

జోన్ ముఖం పాలిపోయింది.

శుక్రవారం క్రెయిగ్ తాళాలవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. గుమ్మం ముందంతా కుర్చీలే. చలిగాలి ఎముకలు కొరుకుతోంది. ఒక్కరూ లేవలేదు.

"ఖాళీ చేయించమన్న ట్రిబ్యునల్ ఆర్డర్ ఏది?" అడిగింది మెరె.

"ఆవిడ అద్దెదారే కాదు. ఆర్డర్ దేనికి? లేవకపోతే పోలీసుల్ని పిలుస్తా!"

"పిలువు. మమ్మల్ని ఎత్తుకుపోవాలె. నా మోకాళ్లు మాత్రం పైలం," అన్నాడు వీరభద్రం.

లోపల శేషారత్నానికి ఒళ్లు మండిపోయింది. తన కోసం వాళ్లు చలిలో వణుకుతుంటే తను లోపల దాక్కోవడమా? మైలా లేదు, గీలా లేదు! భర్త కుర్చీని బరబరా ఈడ్చుకుంటూ గడప దాటింది. మెరె పక్కన వేసుకుని కూర్చుంది.

"ఇది నా ఇల్లు. నేను పోను. పిలువు నీ పోలీసుల్ని!"

"ఆర్డర్ లేకుండా నేను తాళం ముట్టను," అంటూ తాళాలవాడు సంచీ సర్దుకున్నాడు. క్రెయిగ్ ఫోన్ తీశాడు.

అంతలో జోన్ లేచి వెళ్లిపోయింది. భయపడిందనుకున్నారంతా. పోలీసు కారు వీధి మలుపు తిరిగేసరికి ఇంకో కుర్చీతో వచ్చింది. తన కుర్చీ పక్కనే దాన్ని ఖాళీగా వేసింది.

"మా ఆయనది," అంది. "ఆయన వచ్చేదాకా ఇక్కడే ఉంటుంది. రాకపోయినా ఇక్కడే ఉంటుంది."