బాలయేసు బుగ్గ మీద చుక్క

అరకు సంతలో దేవమణి నిప్పులు తొక్కినట్టు నడుస్తోంది. విశాఖపట్నం నుంచి ఊరు చూడ్డానికొచ్చిన ఆడపడుచు క్యాథరిన్ మాత్రం ప్రతి బుట్ట ముందూ చతికిలబడుతోంది. రాజ్‌మా గింజలు దోసిట్లో పోసుకుంటుంది, ఫోటో తీస్తుంది, గంటసేపు బేరమాడి ఏమీ కొనకుండా లేస్తుంది.

"వదినా, బేగి రా! చర్చికి పోవాలి!"

"చర్చికి కాళ్లున్నాయేటే, పారిపోడానికి?"

చర్చి పారిపోదు గానీ, చుక్క పోతుందే!

క్రిస్మస్‌కని పాత రాతి చర్చి గోడ మీద సుక్రు పశువులపాక బొమ్మ వేశాడు. బాలయేసుకి మాదిరిగా దేవమణి తన కెవిన్‌నే కూర్చోబెట్టింది. ఊరి కళ్లన్నీ తన పిల్లాడి మీదే పడతాయని హడలిపోయి, బుగ్గ మీద ఇంత కాటుక చుక్క పెట్టింది. సుక్రు ఉన్నదున్నట్టు వేసే మనిషి. చుక్క కూడా వేసేశాడు.

సంఘపెద్ద ఎలీయేజరు గారు చూసి అగ్గిరాముడైపోయాడు. "ప్రభువుకి దిష్టేటి? సంతరోజు సెరిపెయ్యి!"

ఆ సంతరోజు ఇవాళే.

చంకలో పిల్లాడి మొహం మీద తుండుగుడ్డ కప్పుకుని, వదిన చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది దేవమణి. వెళ్లేసరికి సుక్రు నిచ్చెన మీదున్నాడు, చేతిలో కుంచె.

"ఆగు సుక్రూ!"

కింద గంజిపెట్టిన తెల్లచొక్కాలో నిలబడ్డ ఎలీయేజరు గారు ఇటు తిరిగాడు. "ఏటమ్మా దేవమణీ, బాప్తిస్మం తీసుకుని కూడా దిష్టంటావా?"

"ప్రభువుకి కాదండీ, మా గుంటడికి. ఆ బుగ్గలు ఈడివే కదండీ! ఆదివారమాదివారం ఊరంతా సూత్తాది, ఈడు సిక్కిపోడా?"

"అవి మా తమ్ముడి బుగ్గలు," అంది క్యాథరిన్, కెమెరా సర్దుకుంటూ.

"ఏదీ, ఇలా తే." ఎలీయేజరు గారు గుడ్డ తీసేసి, కెవిన్‌ని రెండు చేతులా గోడ దాకా ఎత్తి, బుగ్గకి బుగ్గ పోల్చి చూశాడు. మొహమంతా నవ్వైపోయింది. "నిజమే సుమీ! అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నా..."

మాట పూర్తికాలేదు. కెవిన్ పొద్దుట తాగిన పాలన్నీ గంజిచొక్కా మీదికి దిగిపోయాయి.

"సూశారా!" అంది దేవమణి.

టిక్కుమంది క్యాథరిన్ కెమెరా.

ఎలీయేజరు గారు చొక్కా చూసుకున్నాడు, పిల్లాణ్ణి చూశాడు, తలెత్తి గోడ చూశాడు.

"సుక్రూ, ఆ సుక్క ఉండనీ." గొంతు సవరించుకున్నాడు. "కాస్త పెద్దది సెయ్యి."