అతుకు దగ్గర వేడి

ఆ కంపెనీలో పెద్దకోడలిని అందరూ థర్మామీటరమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవారు. తర్వాత ముఖం మీదే అనడం మొదలుపెట్టారు, ఆవిడా పలకడం మొదలుపెట్టింది. కంప్యూటర్లను చల్లబరిచే కూలర్లు తయారుచేసే కంపెనీ అది. అక్కడి వర్క్‌షాపు ఇరవై రెండేళ్ళుగా ఆవిడ చేతిలోనే ఉంది. వేడెక్కిన రాగి దిమ్మ మీద వేలు ఆనించి, మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి "యాభై ఎనిమిది" అనేస్తుంది. మొదట్లో మీటరు పెట్టి చూస్తే యాభై ఎనిమిదో, యాభై తొమ్మిదో ఉండేది, ఇప్పుడెవరూ పెట్టి చూడరు. కొత్తగా చేరినవాళ్ళు నోరు వెళ్ళబెడతారు. ఆవిడ ఏమీ ఎరగనట్టు చెయ్యి తుడుచుకుంటుంది. గర్వం కాస్త ఎక్కువే, కానీ సొంతంగా సంపాదించుకున్న గర్వం.

చిన్నకోడలు, అంటే మరిది భార్య, అదే కంపెనీలో పై అంతస్తులో పరీక్షలు చేస్తుంది. ప్రాసెసరు లోపల పుట్టుకతోనే ఒక చిన్న సెన్సరు ఉంటుంది. అది చెప్పే వేడిని చదివి తెర మీద చూపించే ప్రోగ్రాం చిన్నకోడలు రాసిందే. ఆమెను ఉద్యోగంలో పెట్టించింది మాత్రం పెద్దకోడలు. ఇంట్లో కింది వాటా వీళ్ళది, పై వాటా వాళ్ళది. పొద్దున్నే ఇద్దరూ ఒకే స్కూటరు మీద పనికి వస్తారు.

పెద్దకోడలు రెండేళ్ళు కూర్చుని తన చేత్తో గీసి, కోసి, అతికి ఒక కొత్త కూలరు తయారుచేసింది. గొడవంతా దానితోనే వచ్చింది. పరీక్షలో ప్రాసెసరు వేడి డెబ్భై అయిదు దాటకపోతే కంపెనీ దాన్నే అమ్ముతుంది. దాటితే డిజైను బయటినుంచి కొనుక్కుంటారు, వర్క్‌షాపుకి తాళం పడుతుంది, థర్మామీటరమ్మ ఇంటికి పోతుంది. మేనేజరు ఈ ముక్కను తేనె పూయకుండా చెప్పాడు.

చిన్నకోడలి తెర మీద ఎనభై నాలుగు వచ్చింది.

"ఎనభై నాలుగా?" అంది పెద్దకోడలు. పరీక్షకి పెట్టిన కంప్యూటరు మిషను ఆడుతుంటే దాని పక్కనే నిలబడి, కూలరు అడుగున ఉన్న రాగి దిమ్మ మీద వేలు పెట్టింది. పది దాకా లెక్కపెట్టి తీసింది. "చూశావుగా? అరవై దాటితే ఎవరి వేలూ ఇంతసేపు ఆగదు."

"నీ వేలు సంగతి నాకు తెలీదక్కా. తెర మీద వచ్చిందే నేను రాశాను" అంది చిన్నకోడలు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె తోడికోడలి ముఖంలోకి చూడలేదు.

అక్కడ పడింది విత్తనం. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? దానికి తిండి పెట్టనక్కర్లేదు, ఎక్కడ ఏం దొరుకుతుందో అదే వెతుక్కుని తింటుంది. ఆ వారంలో పెద్దకోడలు రెండుసార్లు పైకి వెళ్ళింది. రెండుసార్లూ ఆమెను చూడగానే చిన్నకోడలు ల్యాప్‌టాప్ టప్పున మూసేసింది. సాయంత్రం "నువ్వు వెళ్ళక్కా, నాకు పనుంది" అని వెనక ఉండిపోయింది. మేనేజరు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని మాట్లాడటం స్టోర్స్ గుమస్తా కళ్ళారా చూశాడు, ఒకసారి కాదు రెండుసార్లు. స్కూటరు మీద కూడా మాటల్లేవు. ఇన్నాళ్ళూ వెనక సీటులో కూర్చుని చెవిలో జోరీగలా వాగే మనిషి!

"నా కూలరు ఫెయిలవ్వాలని అంకెలు మార్చేస్తోంది" అని భర్తతో అంది. "బయటి డిజైను వస్తే తనకి ప్రమోషన్ ఇస్తామని చెప్పి ఉంటారు."

"మా తమ్ముడి పెళ్ళామే అది, పొరుగు దేశపు గూఢచారి కాదు" అన్నాడాయన పేపర్లోంచి తలెత్తకుండా.

"నిప్పు లేనిదే పొగ రాదు."

"నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. నాతో ఎందుకు, కొలిచి చూసుకోరాదూ!"

ఆయన విసుక్కుంటూ అన్నాడు గానీ ఆవిడకి అదే దారి కనిపించింది. సెన్సరు చెప్పేది ప్రోగ్రాంలోంచి వస్తుంది, ప్రోగ్రాం చిన్నకోడలిది. ఆ ప్రోగ్రాంతో పనిలేకుండా ప్రాసెసరు వేడిని నేరుగా కొలవాలి. ప్రాసెసరు మీద లోహపు మూత ఒకటి ఉంటుంది. దాన్ని బిగించి పట్టి, సన్నటి రంపపు చక్రంతో అంచు నుంచి నడిమధ్య దాకా గాడి కోసింది. వెంట్రుకవాసి లోతు ఎక్కువైతే మూత చిల్లుపడి కింద చిప్పు చచ్చిపోతుంది. ఒక్కో గీతకీ ఊపిరి బిగబట్టింది. ఆ గాడిలో థర్మోకపుల్ తీగ పెట్టి, కొనను మూతకి అతికి, పైన నున్నగా సానబట్టింది. థర్మోకపుల్ అంటే మరేం లేదు, రెండు వేరువేరు లోహాల సన్న తీగలు. వాటి కొనలు కలిసిన చోట ఎంత వేడి ఉందో అవతలి చివరన మీటరు చెబుతుంది.

తీగ మాత్రం జానెడే మిగిలింది. మీటరు దాకా రాదు. స్టోర్స్ గుమస్తాని అడిగితే, "వచ్చే వారం వస్తుందమ్మా" అన్నాడు.

వచ్చే వారం దాకా ఆగితే ఆ లోపల చిన్నకోడలు ఏం చేస్తుందో! పెద్దకోడలు సొరుగులోంచి పాత టెలిఫోను తీగ తీసి, ఆ మామూలు రాగినే జానెడు తీగకి అతికింది. ఇది తప్పని ఆవిడకి తెలుసు. థర్మోకపుల్‌ని పొడిగించాలంటే అదే లోహాల తీగ వాడాలని పదిమందికి నేర్పింది ఆవిడే. ఆ పదిమందిలో చిన్నకోడలు కూడా ఉంది. అయినా కెటిల్లో నీళ్ళు మరిగించి కొన ముంచి చూస్తే సరిగ్గా వంద చూపించింది. మంచుముక్కల్లో పెడితే సున్నా. "ఇంకేం కావాలి?" అనుకుంది. అప్పుడు ఆ అతుకు బల్ల మీద చల్లగా పడుంది.

ప్రాసెసరుని మిషనులో బిగించి, కూలరు పెట్టి, మిషను పెట్టె మూసి ఆడించింది. అరగంట తర్వాత మీటరు మీద అరవై వచ్చింది. మూతకీ లోపలి చిప్పుకీ అయిదు డిగ్రీల తేడా వేసుకున్నా అరవై అయిదు. తెర మీద మాత్రం అదే ఎనభై నాలుగు.

మర్నాడు పొద్దున మేనేజరు ముందు ఆవిడ ఒక్క మాట కూడా మింగలేదు. చిన్నకోడలిని పిలిపించారు. అంకెలు మార్చావా అని అడిగితే ఆమె ల్యాప్‌టాప్ బ్యాగును గుండెకి అదుముకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటోంది, చూడండి అనుకుంది పెద్దకోడలు. దొంగ కానివాళ్ళు కూడా భుజాలు తడుముకుంటారని ఆ పూట ఆవిడకి తోచలేదు.

"అక్కా, నువ్వా ఇది చెప్పింది?" అని మాత్రం అడిగింది చిన్నకోడలు.

"మీటరు చెప్పింది."

మేనేజరు చిన్నకోడలి బ్యాడ్జీ తీసుకుని, రిసెప్షన్‌లో కూర్చోమన్నాడు. మూడింటికి మిషను తన గదికి తెచ్చి చూపిస్తే, ఆ తర్వాత ఆమెను పంపించేసే కాగితం మీద సంతకం పెడతానన్నాడు.

రెండున్నరకి మిషను ట్రాలీ మీద ఆడుతోంది. పెద్దకోడలికి పని నీటుగా కనిపించాలి. పెట్టె తలుపు తీసి చూస్తే లోపల, కూలరు వేడిగాలి ఊదే చోటే, ఆ అతుకు బోసిగా వేలాడుతోంది. దానికో ప్లాస్టిక్ తొడుగు వేసి, అది ముడుచుకుని బిగుసుకోవడానికి వేడిగాలి గన్ను పెట్టింది. పెడుతూ మీటరు వైపు చూసింది.

అరవై. యాభై మూడు. నలభై నాలుగు.

గన్ను ఆపింది. అంకె మెల్లగా పైకి లేచింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. వేడి పెడుతుంటే వేడి తగ్గుతోంది. రాగి తీగ అతికిన చోటు ఎంత వేడెక్కితే మీటరు అంత తక్కువ చూపిస్తుంది. బల్ల మీద చల్లగా ఉన్నప్పుడు నిజం చెప్పింది, పెట్టెలో వేడిగాలి తగలగానే అబద్ధం మొదలుపెట్టింది. ఆవిడ అతుకుని లాగి పెట్టె బయటికి తెచ్చి చల్లారనిచ్చింది. మీటరు డెబ్భై తొమ్మిది దగ్గర ఆగింది. దానికి అయిదు కలిపితే ఎనభై నాలుగు.

స్టూలు మీద కూలబడింది. గదిలో ఎవరూ లేరు. అతుకుని మళ్ళీ లోపలికి తోసేస్తే ఈ భూమ్మీద ఎవడికీ తెలీదు. కూలరు నిలుస్తుంది, వర్క్‌షాపు నిలుస్తుంది. అలా ఎంతసేపు ఆలోచించిందో ఆవిడే ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఆలోచించిన మాట నిజం, అందుకు సిగ్గుపడిన మాట కూడా నిజం.

మూడింటికి ట్రాలీ తోసుకుంటూ మేనేజరు గదికి వెళ్ళింది. చిన్నకోడలిని కూడా పిలిపించారు, గోడవార కుర్చీలో ఉంది. పెద్దకోడలు మిషను ఆడించి, అతుకుని మళ్ళీ లోపల వేలాడదీసి, అందరి ఎదుటా దాని మీద గన్ను పెట్టి, అంకె పడటం చూపించింది. తర్వాత దాన్ని బయటికి లాగి డెబ్భై తొమ్మిది చూపించింది.

"తప్పు నాది. అమ్మాయి అంకె నిజం. నా కూలరు పనికిరాదు" అంది.

మేనేజరుకి నమ్మకం కుదరక రాగి దిమ్మ మీద వేలు పెట్టి, "అబ్బా!" అని గెంతాడు. ఒకటి కూడా లెక్కపెట్టినట్టు లేదు. పెద్దకోడలు తన వేలు తిప్పి చూసుకుంది. ఇరవై రెండేళ్ళు టంకం చురకలు తిని కొన మొద్దుబారి తెల్లగా మెరుస్తోంది. ఆ వేలు కొలవడం ఏ ఏడు మానేసిందో ఆవిడకి తెలీదు.

చిన్నకోడలు బ్యాగులోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పడేసింది. "పన్నెండుసార్లు పరీక్ష చేశాను. నా ప్రోగ్రాంలో తప్పుంటే బావుండునని రోజూ సాయంత్రం కూర్చుని వెతికాను. నువ్వు చూస్తే బాధపడతావని తెర మూసేశాను."

"ఇంకో రెండు వారాలు గడువివ్వమని రెండుసార్లు వచ్చి అడిగింది మీకోసం" అన్నాడు మేనేజరు వేలు ఊదుకుంటూ. "సరే, ఇచ్చాను. బాగుచేసుకోండి." బ్యాడ్జీ తీసి చిన్నకోడలికి ఇచ్చేశాడు.

"నన్ను క్షమించు అమ్మాయ్" అంది పెద్దకోడలు, అందరూ వింటుండగానే. చిన్నకోడలు తలూపి బ్యాడ్జీ తగిలించుకుంది.

మర్నాడు స్కూటరు వెనక సీటు ఖాళీగానే వచ్చింది, చిన్నకోడలు బస్సులో వచ్చింది. నాలుగు రోజుల్లో పెద్దకోడలు గాలి బాగా ఆడేలా రేకుల మధ్య సందులు పెంచి కూలరు మళ్ళీ చేసి పైకి పంపింది. సాయంత్రం దాకా ఆగలేక మెట్లెక్కి వెళ్ళింది.

"ఎంత వచ్చిందమ్మాయ్?"

చిన్నకోడలు ల్యాప్‌టాప్ మూసింది. టప్పున కాదు, మెల్లగా.

"రిపోర్టు మేనేజరు గారికి పంపుతానండీ. ఆయన దగ్గర తీసుకోండి."

పెళ్ళై వచ్చిన నాటినుంచి ఆ పిల్ల తనను "అండీ" అనలేదు. ఇదివరకు ఆ తెర వెనక ఏముండేదో పెద్దకోడలికి ఇప్పుడు తెలుసు. ఈసారి ఏముందో తెలీదు, అడగడానికి ముఖం చెల్లలేదు. మెట్లు దిగి వర్క్‌షాపులోకి వచ్చి లైటు వేసుకుంది.