రెండు గీతల పెట్టె

పెట్టె మీద ఒక గీత, పక్క పెట్టె మీద ఇంకో గీత. ఆసుపత్రి మందుల గోడౌనులో స్టోర్‌కీపరు పొద్దున్నుంచీ వంగి సెలైన్ పెట్టెలు లెక్కపెడుతున్నాడు. మోకాళ్ల దగ్గర వెలిసిన ప్యాంటు, సుద్ద ఇంకిన గోళ్లు. లెక్కించిన ప్రతి పెట్టె మీదా గీత గీయడం ముప్పై ఒక్కేళ్ల అలవాటు. హమాలీలు ఆయన్ని సుద్దముక్క పంతులంటారు.

ఈరోజుతో ఆయన కొలువు సరి. ఆ పనికి ఆరు నెలలుగా తర్ఫీదవుతున్న అమ్మాయి వెనకే నడుస్తోంది. ఎనిమిదితో చదువాగిపోయిన మనిషి. ఏడాది నిండని బిడ్డను అక్క దగ్గర వదిలి వస్తుంది. ఫోను మోగితే చాలు, పని వదిలి బయటికి పరుగెడుతుంది. సాయంత్రం అప్పగింత కాగితం మీద సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. ఆ తర్వాత ఏది తక్కువైనా ఆమె మెడకే.

"పాత సరుకు ముందుకి, కొత్తది వెనక్కి. మరిచావో, గడువు దాటిన సీసా రోగి మంచం దాకా పోతుంది."

"ఇంట్లోనూ ఇంతేనా బాబాయ్?"

"మీ పిన్ని ఉన్నన్నాళ్లూ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదమ్మా, డబ్బాలన్నీ సర్దేస్తానని."

పెట్టెలు దించుతున్న హమాలీ నవ్వాడు. ఆయన నవ్వలేదు.

"సంతకం మాత్రం మొహం చూసి పెట్టకు. సరుకు చూసి పెట్టు."

నాలుగింటికి కాగితం నింపాడు. సెలైన్ నాలుగు వందల పన్నెండు పెట్టెలు. అప్పగింతకి పాత పుస్తకం చూడకూడదు, కళ్లతో చూసిందే రాయాలి. ఆమె వరసల్లోకి వెళ్లి లెక్కపెట్టింది. నాలుగు వందల పదకొండు. మళ్లీ పెట్టింది. అప్పుడు కనిపించింది, కింది వరస చివరి పెట్టె మీద రెండు గీతలు.

ఒకే పెట్టెను రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆయనకి చూపు ఆనడం లేదన్నమాట. ఎన్నాళ్లనుంచో.

కలం మూత పెట్టి ఆయన దగ్గరికి వచ్చింది.

"ఒకటి తక్కువుంది, బాబాయ్." గీతల మాట ఎత్తలేదు.

ఆయన వరసల్లోకి వెళ్లాడు. ఒక్కో పెట్టెనూ వేలితో తాకుతూ కింది వరస చివర ఆగి కిందికి వంగాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. వచ్చి, పన్నెండు కొట్టేసి పదకొండు వేశాడు. పక్కన తన పొడి అక్షరాలు పెట్టాడు.

"ఇక నాకు బెంగ లేదమ్మా. పెట్టు సంతకం."

పెట్టింది. తాళాలు ఆమె చేతిలో పెట్టి, టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని, రోజూలాగే వెనక్కి చూడకుండా గేటు దాటాడు.

దీపాలార్పడానికి వెళ్లినప్పుడు చూసింది. రెండు గీతల పెట్టె మీద, ఆయన వేళ్ల మధ్య అరిగి అరిగి చిక్కుడు గింజంతైన సుద్దముక్క.