తెర మీద ఇసుక, గోడ మీద వంకాయ

మా ఆయన భవనాలకు నక్షలు గీస్తారు. రంగుల విషయంలో ఎవరి మాటా వినరు. గోడకు వేయాల్సిన రంగును ముందు కంప్యూటర్ బొమ్మలో వేసి చూసుకుని, నచ్చాక దాని నంబరు కాగితం మీద రాసి పెయింటరుకు ఇస్తారు. పళ్ల డాక్టరమ్మ కట్టిస్తున్న ఆసుపత్రికి అలాగే లేత ఇసుక రంగు ఎంచి, రెండు వారాలు ఆ బొమ్మనే చూసుకుని మురిసిపోయారు.

తీరా ముందు గోడ ఆరాక చూస్తే వంకాయ రంగు. లేతదే, కానీ వంకాయే.

ఇరవై ఏళ్లుగా తన దగ్గర పనిచేస్తున్న పెయింటరు మీద మా ఆయన ఇంతెత్తున లేచారట. మీరు రాసిన నంబరే కలిపానని అతను కాగితం చూపించినా వినకుండా, రేపట్నుంచి రావద్దని చెప్పేసి ఇంటికొచ్చారు. రాగానే నన్ను కంప్యూటర్ ముందు నిలబెట్టారు.

"నువ్వే చెప్పు, ఇది ఇసుకా కాదా?"

ఇసుకే. కానీ తెర మూలన చిన్న చందమామ గుర్తు వెలుగుతోంది. మధ్యాహ్నాలు మా అత్తగారు అందులోనే సీరియళ్లు చూస్తారు. కళ్లు మండుతున్నాయంటే, తెరను పసుపుగా మార్చే ఆ గుర్తు నొక్కింది నేనే. మళ్లీ తీసేయడం మర్చిపోయి నెలయింది.

నోరు మూసుకుంటే నాకు పోయేదేం లేదు. పోయేది పెయింటరు పని. ఆ గుర్తు మీద నొక్కాను. ఇసుకంతా వంకాయైపోయింది.

ఆయన కాసేపు తెరను, కాసేపు నన్ను చూశారు. "ఎన్నాళ్ల నుంచి?"

"మీ అమ్మగారి కళ్లు చల్లబడ్డప్పటి నుంచి."

పక్కగదిలోంచి అత్తగారు అందుకున్నారు. "గోడ రంగు గోడ దగ్గర చూసుకోవాలి గానీ, పెట్టెలో వెతుక్కుంటావేంట్రా?"

ఆయన చెప్పులు వేసుకుని పెయింటరు ఇంటికి బయల్దేరారు. అక్కడ తప్పు ఎలా ఒప్పుకున్నారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు పొద్దున పెయింటరు ఒక చెక్క పట్టుకొచ్చాడు. దాని మీద నాలుగు రకాల ఇసుక.

"ఎండలో పెట్టి చూడండి సార్. ఎండకు మీటలుండవు."

మా ఆయన చెక్కను ఎండలో పెట్టి చూసి మూడోది చూపించారు.

అత్తగారి సీరియల్ వేళకు నేనిప్పటికీ ఆ చందమామను నొక్కుతూనే ఉన్నాను. మా ఆయన మాత్రం కుర్చీలో కూర్చోగానే ముందు తెర మూలకు చూస్తారు, ఆ తర్వాత నా వైపు.