తీసేసిన రెండు వాక్యాలు

“నువ్వు రాసిందేదీ ఆ కంప్యూటరు కూడా సదవదంట గదే, పుష్పా” అంది మా అత్తయ్య నారాయణమ్మ, వంటింటి గడప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ.

నేను చేపలు తోముతున్నాను. ఆదివారమైనా మా ఆయనకి షిఫ్టే. ఆయన పోర్టులో క్రేన్ ఎక్కడానికి బయల్దేరేలోపు పులుసు మరగాలి, క్యారేజీ కట్టాలి, కిటికీల మీద పేరుకున్న బొగ్గు మసి తుడవాలి. అత్తయ్య తప్పేమీ లేదు, కొడుకు చెప్పిందే ఆమె చెప్పింది. ఇంజనీరింగ్ చదివే కుర్రాడెవరో ఆయనకి చెప్పాడట, నేను రాసేవి కోడ్ పైన కామెంట్లేనని, మెషీను వాటిని చదవకుండా దాటుకుని పోతుందని. మా ఆయన తిరుమలరావు ఆ సంగతి అన్నం తింటూ నవ్వుకుంటూ ఇంటిల్లిపాదికీ వడ్డించాడు. అప్పటిదాకా నా ఉద్యోగానికి ఉన్న కాస్త విలువా ఆ పూటతో సరి.

అది నిజం కావడమే నా కడుపుమంట. మధురవాడలో మా కంపెనీ ఒక కెర్నెల్ తయారుచేస్తుంది. కెర్నెల్ అంటే యంత్రం అడుగున ఉండి, పైనున్న ప్రోగ్రాములన్నిటికీ వేళకి కావలసినవి అందించి, ఎవరి వంతు ఎప్పుడో చూసి, తను ఉన్నట్టు ఎవరికీ గుర్తులేకుండా బతికే ప్రోగ్రాం. మా ఇంట్లో దాన్ని కోడలు అంటారు. నడుస్తున్న ప్రోగ్రామును “ఆగు” అని చెప్పాలన్నా, “ప్రమాదం, ఇటు చూడు” అని తట్టాలన్నా కెర్నెల్ ఒక సిగ్నల్ పంపుతుంది. ఆ సిగ్నళ్ళను పంపే, ఆపి ఉంచే, అందించే ఫంక్షన్లు ఒక్కొక్కటీ ఏం చేస్తుందో, వాడుకునేవాళ్ళు ఏం జాగ్రత్త పడాలో కోడ్ పైన రాయడం నా పని. కోడ్ రాసేది మగపిల్లలు. అమ్మాయి చేతిలో రాత నీట్‌గా ఉంటుందని నన్ను ఇందులో పెట్టారు, ఏళ్ళు గడిచినా తియ్యలేదు. నేను పని నేర్పిన నాగవంశీ ఇప్పుడు నా లీడ్. నేను రాసి అతనికి పంపుతాను. అతను చూసి తన పేరు మీద చేరుస్తాడు. మా ఆఫీసులో పద్ధతి అది.

ఆ సిగ్నళ్ళలో ఒక తిరకాసు ఉంది. ప్రోగ్రాం వేరే పనిలో ఉంటే సిగ్నల్ గుమ్మంలో నిలబడి ఉంటుంది. అలా ఒకటి నిలబడి ఉండగా అదే సిగ్నల్ మళ్ళీ మళ్ళీ ఎన్నిసార్లు వచ్చినా, చివరికి ప్రోగ్రాముకి అందేది ఒక్కటే. మిగతావి రానట్టే లెక్క. ఈ ముక్క కోడ్‌లో చదివిన రోజు నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. అంతకు ముందు ఏడాది నాకు నాలుగో నెల. పొద్దున నొప్పి అన్నాను. మధ్యాహ్నం నొప్పి అన్నాను. సాయంత్రం గోడ పట్టుకుని అన్నాను. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎప్పటినుంచని అడిగితే, “ఇప్పుడే సెప్పింది మేడమ్” అన్నాడు మా ఆయన. అబద్ధమాడలేదు, ఆయనకి అందింది ఒక్కటే. కడుపు నిలవలేదు. నేను ఇంటికి వచ్చి మర్నాడు ఇడ్లీ పిండి రుబ్బాను.

అందుకే ఆ ఫంక్షన్ పైన రెండు వాక్యాలు రాశాను. ఒకే సిగ్నల్ వరసగా వస్తే ఒక్కటిగానే అందవచ్చు. కాబట్టి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడానికి దీన్ని వాడవద్దు. నాగవంశీ ఆ రెండూ తీసేశాడు. ఇవి చదివితే మన సరుకులోనే లోపం ఉందనుకుంటారండీ, కస్టమర్లు బెదిరిపోతారు, అయినా కోడ్ రాసేవాళ్ళకి ఎవరికైనా తెలిసిందేగా, అన్నాడు. తెలియనివాళ్ళ కోసమే కదా రాసేది అన్నాను. నవ్వి, తీసేసినదాన్నే తన పేరు మీద చేర్చాడు.

సోమవారం ఆఫీసుకి వెళ్ళేసరికి నాగవంశీ నన్ను మీటింగ్ గదిలోకి పిలిచి తలుపు వేశాడు. పరవాడ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో, గ్యాస్ లీకైతే సైరన్ మోగించే పెట్టెలో మా కెర్నెల్ ఉంది. మూడు హెచ్చరిక సిగ్నళ్ళు వస్తే సైరన్ మోగాలని ఆ పెట్టె తయారుచేసినవాళ్ళు ప్రోగ్రాం రాసుకున్నారు. శనివారం మూడూ ఒక్క ఊపున వచ్చాయి. ప్రోగ్రాముకి ఒకటే అందింది. సైరన్ మోగలేదు. సింహాద్రి అనే కార్మికుడు గ్యాస్ పీల్చి పడిపోయాడు, ఆస్పత్రిలో ఉన్నాడు. ఫ్యాక్టరీవాళ్ళు మా కంపెనీ మీద విరుచుకుపడుతున్నారు. నాగవంశీ అప్పటికే ఆలోచించుకుని వచ్చాడు. “పుష్ప గారూ, ఆ హెచ్చరిక రాయడం మర్చిపోయానని మీరొక మెయిల్ పెట్టెయ్యండి. నా పేరు మీద పడితే టీమంతా పోతుంది. మీరైతే ఎవరూ ఏమీ అనరు, నేను చూసుకుంటాను.” తను తీసేసిన సంగతి కాదనలేదు. దాని గురించి సిగ్గు కూడా పడలేదు. రేపు చెప్తానన్నాను.

ఇంట్లో చెప్పడం నా బుద్ధితక్కువ. చెప్పాను. తిరుమలరావు కంచంలో చెయ్యి పెట్టి, చిన్నపిల్లకి ఎక్కాలు చెప్పినంత ఓపిగ్గా చెప్పాడు. “ఒప్పీసుకుంటే ఏటౌతాది? ఇంటికాడ ఎన్నిసార్లు ఒప్పీసుకోనేదు నువ్వు? నాల్రోజులు తిడతారు, మరిసిపోతారు.”

అదీ నిజమే. ఈ ఇంట్లో పాలు పొంగినా, ఆడపడుచు అలిగినా, ఆయనకి లేటైనా, చివర్లో నేను “తప్పు నాదేలెండి” అనాలి. అప్పుడుగాని టీవీ మళ్ళీ పెట్టరు. నేనూ పనుందని తొందరగా అనేసేదాన్ని. కానీ ఇదే మనిషి, క్రేన్ మీంచి సరుకు జారి లారీ నుజ్జయినప్పుడు, కాంట్రాక్టరు ఆ తప్పు తన మీద రుద్దబోతే ఒప్పుకోలేదు. పని మానేసి రోజుల తరబడి పోర్టు గేటు బయట కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఇల్లు నడిచింది నా జీతంతో. ఆ కథ ఇంటికి ఎవరొచ్చినా అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ చెప్తుంది. మరి అప్పుడు మీరెందుకు ఒప్పుకోలేదని ఆయన్ని అడిగాను.

“నాది మర్యాద ఇసయం. నీదేటి, రాతపనే గదా” అన్నాడు, ఇంకాస్త పులుసు పొయ్యమని కంచం చూపిస్తూ.

పోశాను. మర్నాడు నాగవంశీకి సరేనన్నాను, సాయంత్రంలోగా మెయిల్ పెడతానన్నాను. కోపం లేక కాదు. గాజువాక నుంచి మధురవాడకి రెండు బస్సులు మారి వెళ్ళి, మళ్ళీ రెండు మారి వచ్చి, పొయ్యి వెలిగించే మనిషికి పోట్లాడే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ మధ్యాహ్నమే మేనేజర్ సాయిశంకర్ గారు, ఆస్పత్రికి మన తరఫున ఎవరైనా వెళ్ళి పలకరిస్తే బాగుంటుందన్నారు. ఎవరైనా అంటే నేనే. ఓదార్చడానికి ఆడమనిషైతే బాగుంటుందట. పళ్ళ సంచీ కూడా నన్నే కొనమన్నారు. నాగవంశీ కారులో తీసుకెళ్ళి, ఆస్పత్రి వాసన తనకి పడదని కిందే ఉండిపోయాడు.

సింహాద్రి లోపల గొట్టాలతో ఉన్నాడు. బయట బెంచీ మీద అతని భార్య పాపాయమ్మ కూర్చుని ఉంది. నా వయసే ఉంటుంది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. నా మెడలో ఐడీ కార్డు చూసి గబుక్కున లేచి నిలబడింది. నాకు తల కొట్టేసినట్టయింది. కూర్చోమని నేనూ పక్కన కూర్చున్నాను.

“ఫ్యాక్టరీవోల్లు పొద్దున వొచ్చేరమ్మా. సైరన్ మోగిందంట, అందరూ పరిగెట్టేరంట, మావోడొక్కడే నిద్రోయేడంట. తప్పు మాదేనని సంతకం ఎట్టీమంటన్నారు. ఎట్టకపోతే ఆస్పత్రి కర్సు మమ్మల్నే కట్టుకోమంటన్నారు.” చేతిలో కాగితం విప్పి నాకు చూపించింది. “డూటీలో కన్ను మూసే మనిషి కాడమ్మా ఆడు. అయినా సదువుకున్నోల్లు అందరూ ఒకే మాట అంటన్నారు. నాకేటి తెలుస్తాది.”

నాకు తెలుసు. ఆ ఫ్యాక్టరీకీ తెలుసు. సైరన్ మోగలేదనే కదా మా కంపెనీ మీద విరుచుకుపడింది. కంపెనీ లోపల ఆ తప్పు నాది. బయటికొచ్చేసరికి సింహాద్రిది. నాగవంశీ నుంచి నాకు, నా నుంచి ఈమెకి, ఎవరు ఒప్పేసుకుంటారో చూసుకుని మరీ కిందికి దిగుతోంది. నేను ఇవాళ నోరు మూసుకుంటే నష్టం నాకొక్కదానికే అనుకుంటూ వచ్చాను. ఈమె మొహం చూస్తూ ఆ మాట ఇంక అనుకోలేకపోయాను. ఈ ఉద్యోగం పోతుంది. ఇంట్లో టీవీ చాలాకాలం పెట్టరు. భయమేసింది. సంచీలో ఫోన్ మోగుతోంది, నాగవంశీ. మెయిల్ సంగతే అయ్యుంటుంది. మోగనిచ్చాను.

“నన్నేటి సెయ్యమంటారమ్మా, ఎట్టీమంటారా?” అంది పాపాయమ్మ.

“పెట్టకు” అన్నాను. “ఆ సైరన్ మోగలేదు. దాన్ని అలా వాడితే మోగదని ముందే రాసింది నేను. ఎక్కడికి రమ్మన్నా వచ్చి చెప్తాను.”